ఒక్కసారికి ఒక్క నూలు

చేతిలో పట్టుకొని వాడే రౌటరుకు తెలుగులో పేరు లేదు. మా సుబేదారి వడ్రంగులు చిన్నదాన్ని ‘ట్రిమ్మర్’ అనీ, పెద్దదాన్ని ‘రౌటర్ మిషన్’ అనీ పిలుస్తారు. పలక అంచును గుండ్రంగా తీయడం, సన్మైకా అంచును చెక్కతో సమం చేయడం, అలమరాలో అరలు కూర్చోవడానికి గాడి కొట్టడం, తలుపుకు కబ్జాలు దిగడానికి గుంట తీయడం దాని పనులు. ఒకప్పుడు ఇవన్నీ ఉలితోను, చిత్రికతోను జరిగేవి. నైపుణ్యం గలవాడికి పూట పట్టే పనిని ఈ యంత్రం పావుగంటలో ముగిస్తుంది. పేరు లేకపోవడం పెద్ద లోపమేమీ కాదు. బస్సుకు మాత్రం ఉందా! అయితే దానిని వాడే పద్ధతికి కూడా తెలుగులో మాటలు లేకపోవడం మాత్రం లోపమేనని నాకు ఈ మధ్యనే తెలిసివచ్చింది.

మా ఇంటి వెనుక సందులో రేకుల చావడి కింద ఒక వడ్రంగి దుకాణం ఉంది. నిజాం కాలంలో సుబాను ఏలిన సుబేదారు పేరు మీద వెలసిన పేట ఇది. కచేరీలకు, కాలేజీలకు పేరుబడ్డ ఈ ప్రాంతంలో చిత్రిక పొట్టు వాసన వేసే సందు నాకు తెలిసి అదొక్కటే. దుకాణం పెద్దాయనకు డెబ్బై దాటాయి. నేనాయనను ‘కాకా’ అంటాను, ఆయన నన్ను ‘సారూ’ అంటాడు (నేను భౌతికశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి). బాడిశతో కొయ్యను చెక్కుతుంటే ఆయన చేతినీ కంటినీ విడదీసి చూడలేము. యంత్రాన్ని మాత్రం ఆయన ముట్టడు. అది మనవడి రాజ్యం. ఆ కుర్రవాడికి ఇరవై ఏళ్ళు నిండలేదు.

నిరుడు ఎండాకాలంలో ఆ మనవడి ఎడమచేతి చూపుడువేలు తెగింది. పూర్తిగా ఊడలేదు, కుట్లు వేశారు, నరం కలిపారు, కానీ వేలు ఇప్పటికీ సగమే వంగుతుంది. జరిగింది ఇదీ: యంత్రానికి ప్లగ్గు ఎప్పుడో విరిగిపోయింది. రెండు తీగల కొసలను సాకెట్టు రంధ్రాల్లో దూర్చి అగ్గిపుల్లలతో బిగించడం మన పనిచోట్ల అందరూ చేసేదే. పని మధ్యలో ఒక తీగ జారింది. యంత్రం ఆగింది. కుర్రవాడు దాన్ని పలక మీద పెట్టి, అంచును వేలితో తడిమి చూస్తున్నాడు. ఎవరో పోయి తీగను సరిచేశారు. స్విచ్చు ‘ఆన్’లోనే ఉంది. యంత్రం పలక మీద పరుగెత్తింది.

“మిషన్ ఆగింది గదా అనుకున్న సార్” అన్నాడు ఆసుపత్రి నుంచి వచ్చాక. ఆ వాక్యంలో తప్పేమీ లేదు. చప్పుడు ఆగితే యంత్రం ఆగిందనుకోవడం ఎవరికైనా సహజమే.

నేను కూడా పుస్తకాల అలమరా చేసుకోవాలని అదే రకం యంత్రం ఒకటి కొని ఉన్నాను. దానితో వచ్చిన చిన్న పుస్తకాన్ని కాకాకు చూపించాను. అందులో ఇంగ్లీషు ఉంది, చైనా భాష ఉంది, బొమ్మలున్నాయి, తెలుగు లేదు. “గిది మాకు సదువొచ్చేటట్టు రాసియ్యరాదు సారూ, గోడకు పెడ్త” అన్నాడాయన. ఒక పుట చాలుననుకొని కూర్చున్నాను. నాలుగు వారాలు పట్టింది.

మొదటి చిక్కు బిట్టు బిగించే చోటనే వచ్చింది. యంత్రం అడుగున బిట్టును పట్టుకొనే చీలికల గొట్టాన్ని కొలెట్ అంటారు. దుకాణంలో దాన్నీ ‘చక్కు’ అనే అంటారు గనుక నేనూ చక్కు అనే రాశాను. బిట్టులో చక్కులోకి దిగే భాగానికి మాత్రం ‘కాడ’ అన్న మాట పెట్టాను, పువ్వుకున్నట్టు. ఇక అసలు సంగతి. ఈ చిన్న యంత్రాలకు రెండు కొలతల చక్కులు వస్తాయి: 6 మిల్లీమీటర్లది ఒకటి, పావు అంగుళానిది ఒకటి. పావు అంగుళమంటే 6.35 మిల్లీమీటర్లు. తేడా 0.35. కంటికి ఆనదు. 6 మిల్లీమీటర్ల కాడను పావు అంగుళం చక్కులో పెట్టి పానాతో తిప్పితే బిగిసినట్టే ఉంటుంది. కానీ చక్కు దాన్ని చుట్టూ పట్టుకోదు, కొన్నిచోట్ల మాత్రమే తాకుతుంది. పని ఒత్తిడికి కాడ మెల్లగా కిందికి జారుతుంది. గాడి ఉన్నట్టుండి లోతవుతుంది, ఆ తరువాత ఏమైనా కావచ్చు. వెంట్రుకవాసి అన్న మాటను మనం అలంకారంగా వాడుతాము. ఇక్కడ అది కొలత.

కాడను చక్కులో కనీసం మూడు వంతులు దించాలి, అయితే అడుగంటా తాకించకూడదు. తాకేదాకా దించి ఒకటి రెండు మిల్లీమీటర్లు పైకి లాగి బిగించాలి. అడుగు తాకి ఉంటే బిగించేటప్పుడు కాడ పట్టులోకి సరిగా రాదు. బిట్టు లేకుండా ఖాళీ చక్కును పానాతో బిగిస్తే చక్కే చెడిపోతుంది. ఇవన్నీ చేసే ముందు ప్లగ్గు పీకి, ఆ ప్లగ్గును మన కళ్ళెదుట పెట్టుకోవాలి. స్విచ్చు ఆపితే చాలదు.

రెండవ చిక్కు దిక్కుది, ఇదే అన్నిటికన్నా ముఖ్యమైనది. పైనుంచి చూస్తే బిట్టు గడియారపు ముల్లులాగా తిరుగుతుంది. యంత్రాన్ని దానికి ఎదురుగా నడిపితే బిట్టు చెక్కను కొరుకుతూ మన అదుపులో ఉంటుంది. అది తిరిగే వైపుకే నడిపితే బిట్టు చక్రమై చెక్క మీద ఎక్కి పరుగు తీస్తుంది, యంత్రం చేతులను లాక్కుపోతుంది. అందువల్ల పలక బయటి అంచు చుట్టూ అపసవ్యంగా నడపాలి. లోపల కోసిన రంధ్రం అంచున అయితే సవ్యంగా నడపాలి. ఇంగ్లీషు పుస్తకాలన్నీ దీనికి గడియారాన్నే పట్టుకుంటాయి. నాకు ప్రదక్షిణం గుర్తుకు వచ్చింది. ఇక్కడికి దగ్గరలోనే 1163లో కాకతీయ రుద్రదేవుడు కట్టించిన వేయిస్తంభాల గుడి ఉంది. దాని చుట్టూ తిరగడం నేర్పనక్కరలేని వారు ఈ ఊళ్ళో లేరు. కనుక “బయటి అంచుకు అప్రదక్షిణం, లోపలి రంధ్రానికి ప్రదక్షిణం” అని రాసి, కొంత గర్వంతోనే కాకాకు వినిపించాను.

ఆయన కళ్ళు మూసుకొని చేతిని గాలిలో అటొకసారి ఇటొకసారి తిప్పాడు. “గన్ని మాటలెందుకు సారూ? మిషన్ ఎటు పోతే అటు మొకం పెట్టు, చెక్క ఎడమచేతి దిక్కు ఉండాలె. బయటైనా అంతే, లోపటైనా అంతే” అన్నాడు. నేను కాగితం మీద గీసి చూసుకున్నాను. రెండింటికీ అదే సరిపోయింది. పలక మధ్యలో గాడి కొట్టేటప్పుడు ఆనించే పట్టీకీ అదే సూత్రం: పట్టీ ఎడమన ఉంటే బిట్టే యంత్రాన్ని దానికి ఒత్తి ఉంచుతుంది. యంత్రాన్ని ఒక్కనాడు పట్టని మనిషి, ముప్పయ్యేళ్ళు బలాల దిశలు బోధించిన నాకు ఇది చెప్పాడు. ప్రదక్షిణాల వాక్యం కొట్టేశాను, కాస్త బాధగానే.

లోతు సంగతికి కూడా ఆయన కొలతే అక్కరకు వచ్చింది. అంగుళంలో ఎనిమిదవ వంతును వడ్రంగులు నూలు అంటారు. అంటే మూడు మిల్లీమీటర్ల పైచిలుకు. చిన్న యంత్రంతో ఒకే ఊపున తీయదగిన లోతు కూడా ఇంచుమించు అంతే. అందుకని “ఒక్కసారికి ఒక్క నూలు” అని రాశాను. మూడు నూళ్ళ గాడి కావాలంటే మూడుసార్లు పోవాలి. టేకుకు ఇది మరీ అవసరం. అందులోని ఇసుక గుణం బిట్టు పదునును త్వరగా తినేస్తుంది, మొద్దు బిట్టు కోయడానికి మారుగా కాలుస్తుంది. గాడిలో నల్లటి మరక కనిపించిందంటే బిట్టు పదును పోయిందని గానీ, చేయి మరీ నెమ్మదించిందని గానీ అర్థం. నాలుగు వైపులా అంచు తీసేటప్పుడు నారకు అడ్డంగా ఉండే కొసలను ముందు తీసి, నిడుపు వైపులను తరువాత తీయాలి. కొసల దగ్గర లేచిన పెచ్చులు రెండవ దఫాలో పోతాయి.

వేగం గురించి కుర్రవాడు అడిగాడు గనుక లెక్క కట్టి చూపించాను. నిమిషానికి 30,000 చుట్లంటే సెకనుకు 500. అంగుళం వెడల్పు బిట్టు పెడితే దాని అంచు గంటకు దాదాపు 140 కిలోమీటర్ల వేగంతో పోతుంది. వేగం తగ్గించే వీలు లేని చిన్న యంత్రంలో అంత వెడల్పు బిట్టు పెట్టనే కూడదు. వాడు ఆ అంకెను కాగితం మీద రెండుసార్లు దిద్దుకున్నాడు.

వీటన్నిటికన్నా కష్టమైనది కూర్చునే తీరు. మన వడ్రంగి నేల మీద కూర్చొని, పలకను పాదంతోనో బొటనవేళ్ళ మధ్యనో అదిమిపట్టి పని చేస్తాడు. ఉలి మన చేతి బలంతో పోయే పనిముట్టు కాబట్టి, మనం ఆగితే ఆగుతుంది, కాలు పట్టు చాలు. రౌటరు ఎదురుతన్నితే కాలు అక్కడే ఉంటుంది. కనుక బల్ల కావాలి, పలకను రెండు క్లాంపులతో బిగించాలి, రెండు చేతులూ యంత్రం మీదనే ఉండాలి. చెప్పడం తేలిక. తరతరాలుగా శరీరానికి పట్టిన భంగిమను గోడ మీది కాగితం మార్చగలదా అని నాకు సందేహమే. చివరికి కాకాయే పాత తలుపును నాలుగు దుంగల మీద బిగించి మనవడికి బల్ల చేసి ఇచ్చాడు. తాను మాత్రం నేల మీదనే కూర్చుంటాడు.

మిగిలినవి త్వరగానే తేలాయి. చెక్కను తాకకముందే యంత్రాన్ని నడిపించి పూర్తి వేగం అందుకోనివ్వాలి. పని అయ్యాక స్విచ్చు ఆపి, బిట్టు పూర్తిగా నిలిచేదాకా కింద పెట్టకూడదు. తీగ భుజం మీదుగా వెనక్కి పోవాలి. మెడలో తువ్వాలు, మణికట్టుకు గుడిలో కట్టిన దారం, ఉంగరం ఉండకూడదు. చేతి తొడుగులు కూడా వద్దు, అవే చుట్టుకుపోతాయి. దారం విప్పమనడానికి కుర్రవాడి తల్లి ఒప్పుకోలేదు. పని వేళ విప్పి మేకుకు తగిలించే ఒడంబడిక కుదిరింది.

చట్టం ఏమంటుందని ఒక మిత్రుడు అడిగాడు. విద్యుత్తు వాడే చోట పదిమంది పనివాళ్ళుంటేనే 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం దాన్ని కర్మాగారంగా గుర్తించింది. 2020 నాటి కోడ్ ఆ సంఖ్యను ఇరవైకి పెంచింది. తాత, మనవడు, ఇంకొకడు ఉండే చావడి ఏ లెక్కలోకీ రాదు. 2023లో మొదలైన విశ్వకర్మ పథకంలో వడ్రంగులకు కొన్ని రోజుల శిక్షణ, పనిముట్లకు 15,000 రూపాయల దాకా సాయం ఉన్నాయి. దరఖాస్తు నింపి పెట్టాము.

దుమ్ము విషయంలో నేను ఓడిపోయాను. కొయ్య దుమ్ము క్యాన్సరుకు కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే నిర్ధారించింది, ముఖ్యంగా ముక్కు లోపలి భాగాలకు. చెప్పాను, ముఖానికి కట్టుకునేవి తెచ్చి ఇచ్చాను. మే నెల ఎండలో రేకుల కింద అవి పది నిమిషాలు కూడా నిలవలేదు. కళ్ళద్దాలు మాత్రం పెట్టుకుంటున్నాడు.

కాగితం ఇప్పుడు అట్టకు అతికించి సాకెట్టు పక్కనే కొట్టి ఉంది. అగ్గిపుల్లలు పోయి కొత్త ప్లగ్గు వచ్చింది. మొన్న నేను వెళ్ళేసరికి కాకా, పలకలు కోసే చక్రపు రంపం మిషన్ దగ్గర నిలబడి, దాని పంటి చక్రాన్ని చూస్తున్నాడు. “దీనికి గూడ ఒకటి రాయుండ్రి సారూ, ఇది దానికంటె పెద్దది” అన్నాడు.