కంటి కింద తెలుగు అక్షరం

నల్ల అట్టమీద పోస్టర్ కలర్‌తో ‘దూరదర్శన్ కేంద్రం, హైదరాబాద్’ అని రాసి ఉంది. అట్ట పన్నెండు అంగుళాల వెడల్పు, తొమ్మిది అంగుళాల ఎత్తు. కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూస్తే ‘ద’ పొట్ట దగ్గర కుంచె ఒక్క క్షణం ఆగి మళ్లీ సాగిన జాడ కనిపిస్తోంది. ‘కేంద్రం’లో ద కింద రావత్తు మామూలు రాతలో కన్నా కాస్త కిందికి దిగి, లావుగా ఉంది.

ఈ అట్ట రాసిన పెద్దాయన ఇల్లు రామంతాపూర్‌లోనే, టీవీ స్టేషన్‌కు నడిచి వెళ్లేంత దూరంలో. గ్రాఫిక్స్ విభాగంలో పనిచేసి రిటైరయ్యారు. పేరు రాయొద్దన్నారు. ప్రోగ్రాంకీ ప్రోగ్రాంకీ మధ్య ఛానల్ పేరు చెప్పి మాయమయ్యే ఆ కొద్ది సెకన్ల బొమ్మల గురించి అడగడానికి వస్తానంటే, ఫోన్లోనే ఆయన గొంతులో హుషారొచ్చింది. ‘స్టేషన్ ఐడీలా? వాటి గురించి ఎవరూ అడగలేదమ్మా ఇంతవరకు’ అన్నారు.

మేడమీద గదే ఆయన వర్క్‌షాపు. వాలుబల్ల, దాని మీద టీ-స్క్వేర్, గాజు సీసాల్లో కుంచెలు, గోడ వారగా అట్టల దొంతర. ఆయన ముందుగా ఆ దొంతర జోలికి పోలేదు. ఒక తెల్లకాగితం తీసి, కంపాస్‌తో చిన్న వృత్తం గీసి నింపారు. దాని పైనుంచి ఒక వంపు, కిందనుంచి ఒక వంపు. దూరదర్శన్ కన్ను. నిమిషం కూడా పట్టలేదు.

‘ఇది మనది కాదు, అహ్మదాబాద్‌ది. అక్కణ్నుంచి మొదలుపెట్టాలి’ అన్నారు.

నిజమే. 1976 ఏప్రిల్ 1న ఆకాశవాణి నుంచి దూరదర్శన్ వేరుపడింది. కొత్త సంస్థకు గుర్తు కావాలి. అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో విద్యార్థులు, అధ్యాపకులు గీసిన బొమ్మల్లోంచి దేవాశిష్ భట్టాచార్య అనే విద్యార్థి గీసినదాన్ని ఇందిరాగాంధీ ఎంపిక చేశారు. దాన్ని కదిలించింది అదే సంస్థలోని ఆర్.ఎల్. మిస్త్రీ. కన్ను బొమ్మకు కాపీలు తీసి, కెమెరా కింద పెట్టి, కొద్దికొద్దిగా తిప్పుతూ షూట్ చేశారు. సంగీతం పండిట్ రవిశంకర్, ఉస్తాద్ అలీ అహ్మద్ హుసేన్ ఖాన్‌లది. కంప్యూటర్ అన్న మాటే లేని పని అది. సెకనుకు పాతిక ఫ్రేములు లెక్కేస్తే, పది సెకన్ల కదలికకు రెండొందల యాభై ఫ్రేములు నింపాలి.

ఆ కన్ను దేశమంతటికీ ఒకటే. అయితే దాని కిందో, దాని తర్వాతో ఏ ఊరి కేంద్రమో ఆ ఊరివాళ్ల లిపిలో చెప్పాలి. ఢిల్లీ నుంచి కన్ను వచ్చింది గానీ తెలుగు అక్షరం రాలేదు. నేను వెతుక్కుంటూ వచ్చింది ఆ అక్షరం రాసిన చేతిని.

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్లాలి. టీవీలో తెలుగు ముందుగా చేరింది పల్లెలకు. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు సాగిన ‘సైట్’ అనే ఉపగ్రహ టీవీ ప్రయోగంలో అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 ద్వారా ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలకు కార్యక్రమాలు అందాయి. అందులో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. ఆ కార్యక్రమాలు తయారైన కేంద్రాల్లో హైదరాబాద్ ఒకటి. నగరానికి సొంత ప్రసారం 1977 అక్టోబర్ 23న గానీ మొదలుకాలేదు.

పెద్దాయన అట్టల దొంతర కిందికి దించారు. ఆ తర్వాత గంటసేపు నేను టీవీ కోసం తెలుగు ఎలా రాయాలో నేర్చుకున్నాను.

టీవీ బొమ్మ 625 అడ్డగీతలతో తయారవుతుంది. ముందు బేసి గీతలు, తర్వాత సరి గీతలు. తలకట్టు సన్నగా రాస్తే ఆ గీత ఒక్క వరుసలోనే పడి తెరమీద వణుకుతుంది. అందుకని తలకట్టు ఎప్పుడూ లావుగా వేయాలి. ‘ఘ’, ‘ఝ’ లాంటి వాటిలో లోపలి ఖాళీలు విశాలంగా వదలాలి, లేకపోతే అన్నీ కలిసిపోయి మచ్చలా కనిపిస్తాయి. అచ్చమైన తెలుపు వాడకూడదు. ఆనాటి ట్యూబ్ కెమెరాలకు అది పడదు, అక్షరం చుట్టూ వెలుగు చిమ్ముతుంది. తెలుపులో చిటికెడు పసుపూ నలుపూ కలిపి ఏనుగుదంతం రంగుకు తేవాలి. ఇంట్లో టీవీ పెట్టెలు బొమ్మ అంచుల్ని కొంత మింగేస్తాయి కాబట్టి నాలుగు వైపులా బోలెడంత జాగా వదలాలి.

‘ఇంగ్లిష్‌వాడికి ఒక వరుసే. మనకు పైన గుడులు, కింద వత్తులు, మూడంతస్తులు. తొమ్మిదంగుళాల్లో రెండు లైన్లు పట్టించాలంటే వత్తు ముందే ఆలోచించుకోవాలి’ అంటూ ‘వార్తలు’ అని రాసి చూపించారు. ముందు త వత్తు ఎక్కడికి దిగుతుందో పెన్సిల్‌తో చుక్క పెట్టుకున్నారు. ఆ తర్వాతే ‘వా’ మొదలైంది. అక్షరాలు ఎడమనుంచి రాయలేదాయన, కిందనుంచి పైకి కట్టుకొచ్చారు. 1983 నవంబర్ 14న శాంతిస్వరూప్ తొలి తెలుగు వార్తలు చదివారు. టెలిప్రాంప్టర్ లేదు, పాఠం కంఠతా పట్టాల్సిందే. ఆ గొంతు, ఆ ముఖం మనకు గుర్తున్నాయి. ఆ ముఖానికి ముందు వచ్చిన అక్షరాలు రాసినవాళ్లను మాత్రం మనం అడగలేదు.

దొంతర మధ్యలో ఒక కార్డు బయటపడగానే నాకు నవ్వూ, ఏదో చెప్పలేని ఆప్యాయతా ఒకేసారి కలిగాయి. ‘అంతరాయానికి చింతిస్తున్నాం.’ తెలుగునాట దీన్ని చదవని ఇల్లు లేదు. ‘ఇది కూడా మీరేనా సార్?’ అన్నాను. ‘ఎన్నిసార్లు రాశానో లెక్కలేదమ్మా. అంచులు నలిగిపోయేవి, మళ్లీ రాసేవాణ్ని’ అన్నారు.

రంగులు 1982 ఆగస్టు 15న వచ్చాయి. ఆయన సీసాల సంఖ్య పెరిగింది, పని తీరు మారలేదు. మార్చింది కంప్యూటర్. తొలి రోజుల తెలుగు ఫాంట్లలో వత్తులు అక్షరానికి దూరంగా, తప్పిపోయినట్టు పడేవని ఆయన ఇప్పటికీ బాధపడతారు. 1990లలో డీడీ-8 వచ్చింది, తర్వాత అదే సప్తగిరి. 1995లో జెమిని, ఈటీవీ వచ్చాక పోటీ మొదలై, ఛానల్ పేరు బంగారు లోహంలా మెరుస్తూ, గిరగిర తిరుగుతూ తెరమీదికి దూకడం అలవాటైంది. ఆ రోజుల ఐడీలంటే నాకు అంత ఇష్టం లేదు. మెరుపు మీద పెట్టిన శ్రద్ధ అక్షరం మీద పెట్టలేదని ఈ అట్టలు చూశాక ఇంకా గట్టిగా అనిపించింది. 2014లో రాష్ట్రం రెండయ్యాక తెలంగాణకు యాదగిరి, ఆంధ్రప్రదేశ్‌కు సప్తగిరి. ఏడుకొండలు ఒకరికి, గుట్ట మరొకరికి, కన్ను ఇద్దరికీ. కొత్త లోగో కోసం 2017లో పోటీ పెట్టినా ఆ కన్ను పోలేదు.

ఇంతకీ పాత ఐడీలు ఎక్కడున్నాయి? ఈ ప్రశ్నకు ఆయన జవాబు నన్ను చాలాసేపు వదల్లేదు. వీటిలో ఎక్కువ భాగం అసలు రికార్డు కాలేదు. స్టాండు మీద కార్డు పెట్టేవారు, కెమెరా చూపించేది, అనౌన్సర్ మాట్లాడేది, అంతే. అంతా లైవ్. టేపుకు ఎక్కినవి కూడా నిలవడం కష్టం. టేపు ఖరీదైన ఆ కాలంలో చెరిపి మళ్లీ వాడటం ఏ దేశపు టీవీకైనా మామూలే. సీరియల్‌కి రచయిత ఉంటాడు, దర్శకుడు ఉంటాడు, దాచమని అడిగేవాళ్లుంటారు. నాలుగు సెకన్ల ఐడీ తరఫున ఎవరు అడుగుతారు?

కానీ ఒకచోట మిగిలాయి, అది మన ఇళ్లలో. 1980లు, 90లలో నాటకమో, సినిమానో, బంధువు కనిపించిన కార్యక్రమమో వీసీఆర్‌లో రికార్డు చేసుకున్నవాళ్లు మీట ముందే నొక్కేవారు, ఎక్కడ మొదటి సీను పోతుందోనని. అమెరికాలో ఉన్న పిల్లల కోసం క్యాసెట్లు నింపి పంపినవాళ్లూ అంతే. ఆ టేపుల మొదట్లో, కార్యక్రమం ఇంకా మొదలుకాకముందు, ఈ అక్షరాలున్నాయి. పెద్దాయన అట్టమీద కుంచె జాడ ఉంది గానీ, అది తెరమీద ఎలా కనబడిందో, వెనక ఏ సంగీతం వినబడిందో, ఎంతసేపు నిలిచిందో ఆ టేపులే చెప్పగలవు.

అటకమీద అలాంటి క్యాసెట్లుంటే, అవి ఏ షాపులోనైనా డిజిటల్‌లోకి మార్పించేటప్పుడు మొదలూ చివరా కత్తిరించవద్దని చెప్పండి. షాపువాళ్లు మామూలుగా ముందున్న భాగం అక్కర్లేదనుకుని తీసేస్తారు. నల్ల తెర నుంచి, గరగర నుంచి, మొత్తం ఎక్కించమనండి. క్యాసెట్ మీద తేదీ రాసి ఉంటే ఆ చీటీని ఫోటో తీసి ఫైలుతో పాటు ఉంచండి. ఏ అక్షరం ఏ ఏడాదిదో తేల్చడానికి ఆ చీటీయే ఆధారం.