మా అమ్మా, బెల్లం ముక్కా

మా మేనకోడలు ఏం చదవబోతోందని ఎవరైనా అడిగితే నాకు చెమటలు పడతాయి. డాక్టరు చదువు కాదు. ఇంజనీరు చదువు కాదు. పోనీ అందరూ చదివే కంప్యూటరు చదువా అంటే అదీ కాదు. ఇక్కడే అనంతపురంలో, శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో బయోకెమిస్ట్రీ ఎమ్మెస్సీ పూర్తిచేసింది. ఇప్పుడు అమెరికా వెళ్ళి ‘బయోబిహేవియరల్ హెల్త్’ చదువుతానంటోంది. పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీలో ఆ పేరుతో ఏకంగా ఒక శాఖే ఉందట!

“అంటే ఏమిటే తల్లీ, ఎదురింటావిడ అడిగితే నేనేం చెప్పను?” అన్నాను.

“మన ఒంటి తీరు, మన అలవాట్లు, మన చుట్టూ ఉన్న బతుకు — ఇవన్నీ కలిసి మన ఆరోగ్యాన్ని ఎట్లా తయారుచేస్తాయో చదవడం అత్తా” అంది.

మంచం మీద కూర్చుని శెనక్కాయలు ఒలుస్తున్న మా అమ్మ తలెత్తింది. “దానికి అమెరికా దాకా యాల పోవల్ల? నన్నడిగితే నేను చెప్పనా?” అంది.

మేమిద్దరం నవ్వేశాం. నవ్వి ఉండాల్సింది కాదని ఇప్పుడనిపిస్తోంది.

నేను బి.ఏ. మనిషిని. నా సైన్సు పదో తరగతి వానపాము దగ్గరే ఆగిపోయింది. నా నవలల్లో ఎవరికైనా జబ్బు చేయాల్సి వస్తే గుండెనొప్పి ఇచ్చేస్తాను. ఒక్క పేజీలో పని అయిపోతుంది! అటువంటిదాన్ని ఈ విషయం మీద కలం పట్టడానికి కారణం ఒక బెల్లం ముక్క.

మా అమ్మకు ఇరవై ఏళ్ళుగా సుగరు. మనిషి చూస్తే గాలికి ఎగిరిపోయేటట్టుంటుంది. ఆమెకు మాత్రలు లెక్కపెట్టడం, అన్నం కొలిచి పెట్టడం, వంటింటి డబ్బాలకు కాపలా కాయడం నా ఉద్యోగం. ఆ ఉద్యోగంలో నేను ఎంత కఠినంగా ఉండేదాన్నో చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది. ఆ మధ్య ఒక పండగనాడు నలుగురూ కూర్చుని ఉండగా అమ్మ కొంగు ముడి నా కంటబడింది. విప్పి చూద్దును కదా, ఉసిరికాయంత బెల్లం! “డెబ్భై ఏళ్ళొచ్చాయి, ఇంకా నోరు కట్టుకోలేవా?” అనేశాను. అందరి ముందూ.

అమ్మ ఒక్క మాట అనలేదు. ఆ ముక్క తీసి కిటికీ గట్టు మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. సాయంత్రానికి దాని చుట్టూ చీమలు బారులు తీరాయి. నేనూ తీయలేదు, ఆమే తీయలేదు. మూడు రోజులు మా ఇద్దరి మధ్య మాటల్లేవు.

ఇదిట్లా ఉండగా మేనకోడలు ఒక రోజు నన్ను పట్టుకుపోయి రక్తపరీక్ష చేయించింది. నేను ధీమాగానే వెళ్ళాను. ఎందుకంటే నేను సన్నగా ఉంటాను. చీరలంగడిలో కుర్రాడు “మీకేదైనా నప్పుతుంది మేడమ్” అన్నప్పుడల్లా లోలోపల పొంగిపోయేదాన్ని. తీపి ముట్టను. కాఫీలో కూడా చక్కెర మానేసి ఎన్నేళ్ళో!

మూడు నెలల చక్కెర సగటు చెప్పే పరీక్ష అది. 5.7 దాటితే జాగ్రత్తపడాలిట, 6.5కు చేరితే సుగరు వచ్చినట్టేనట. నాది 6.1.

“ఏదో పొరపాటయి ఉంటుంది” అన్నాను. లోకంలో ఎవరైనా మొదట అనే మాట అదే కదా!

“పొరపాటేం కాదత్తా. ఇద్దరు డాక్టర్ల కథ చెప్తా విను” అని మొదలుపెట్టింది. పుణెలో యాజ్ఞిక్ గారని ఒక మధుమేహ వైద్యుడు, లండన్‌లో యుడ్కిన్ గారని ఆయన స్నేహితుడు. ఇద్దరూ పక్కపక్కన నిలబడి ఫొటో తీయించుకుని 2004లో ‘లాన్సెట్’ అనే వైద్యపత్రికలో వేయించారట. ఎత్తుకు తగిన బరువు లెక్క ఇద్దరికీ ఒకటే, 22.3. చూడ్డానికి ఇద్దరూ సన్ననివారే. కాని ఒంట్లో కొవ్వెంతో కొలిస్తే లండన్ ఆయనకు 9.1 శాతం, మన పుణె ఆయనకు 21.2 శాతం! సన్నగా కనిపించే మనలో దాక్కున్న లావు అన్నమాట. అందుకే మన పుట్టుకను ‘సన్నని లావు’ పుట్టుక అన్నారట ఆయన.

“అదెట్లా వస్తుందే?” అన్నాను.

“పుట్టకముందే వస్తుంది” అంది.

పుణె దగ్గర పల్లెల్లో 1993లో మొదలుపెట్టి గర్భిణులనూ, వాళ్ళకు పుట్టిన బిడ్డలనూ యాజ్ఞిక్ గారి బృందం కొలిచి చూసింది. ఆ పసికందులు సగటున 2.7 కిలోలు. ఇంగ్లండులో పుట్టిన బిడ్డలు మూడున్నర కిలోలు. మన బిడ్డల్లో కండ తక్కువ, కొవ్వు మాత్రం అంతగా తగ్గలేదు. తల్లి కడుపులో తిండి చాలనప్పుడు బిడ్డ ఒళ్ళు ముందు మెదడును కాపాడుకుంటుందట, కండను వెనక్కి నెడుతుందట. కండంటే మన చక్కెరను దాచుకునే గాదె. గాదె చిన్నదైతే పండిన గింజలు కళ్ళంలోనే పడి ఉంటాయి గదా! అట్లాగే చక్కెర రక్తంలో ఉండిపోతుంది.

ఇది మన ఒక్కరి కథే కాదు. ఇంగ్లండులో హెర్ట్‌ఫర్డ్‌షైర్ అనే కౌంటీలో 1911 నుంచి నర్సులు ఇంటింటికీ తిరిగి, బిడ్డ పుట్టినప్పటి బరువు, ఏడాది నిండినప్పటి బరువు పుస్తకాల్లో రాసిపెట్టారు. ఎందుకు పనికొస్తుందనుకుని రాశారో గాని, డేవిడ్ బార్కర్ అనే వైద్యుడు దశాబ్దాల తర్వాత ఆ పుస్తకాలు వెతికి తీసి చూస్తే, ఏడాది నాటికి తక్కువ బరువున్న మగపిల్లలే పెద్దయ్యాక గుండెజబ్బుతో ఎక్కువగా పోయారని తేలింది. 1989లో అచ్చయిందది. నెదర్లాండ్స్‌లో యుద్ధం చివర, 1944–45 చలికాలంలో, జనం ఆకలితో అల్లాడారు. అప్పుడు తల్లి కడుపులో ఉన్నవారికి యాభై ఏళ్ళ వయసులో పరీక్ష చేస్తే, చక్కెరను అరాయించుకోవడంలో ఒళ్ళు వెనకబడి ఉంది.

ఆకలి తీరిపోతుంది. ఒళ్ళు మాత్రం మరిచిపోదు. మేనకోడలు చెప్పిందాంట్లో నాకర్థమైనది అదీ.

అప్పుడు వంటింటి గడప దగ్గర నుంచి అమ్మ గొంతు వినిపించింది. ఎప్పుడొచ్చి నిలబడిందో!

“నేను మా యమ్మ కడుపులో ఉన్నప్పుడు కరువు” అంది. “గంజి కేంద్రం పెట్టింటే, మా యమ్మ నిండుకడుపుతో చెంబు పట్టుకోని నిలబడేదంట. తెచ్చిన గంజి ముందు పిల్లోళ్ళకు, మళ్ళ మా నాయనకు. అడుగున ఏమన్నా మిగిల్తే తాను. ఒగో దినం అదీ ల్యాదంట. నన్ను జూసి మంత్రసాని, ఇది ఎలకపిల్ల మాదిరుంది, బతకదు అనిందంట.”

అది 1952 నాటి కరువు. రాయలసీమంతా ఎండిపోయి, ఊళ్ళలో గంజి కేంద్రాలు వెలిసిన ఏడు. గంజి కరువని పెద్దవాళ్ళు చెప్పుకునేవారు. మా అనంతపురంలో వానలు చాలా తక్కువని చిన్నప్పుడు బళ్ళో గొప్పగా అప్పజెప్పేదాన్ని. ఆ పాఠం మా అమ్మ ఒంట్లోనే ఉందని తెలియదు.

మేనకోడలు నెమ్మదిగా అంది: “ఆడబిడ్డ కడుపులో ఐదో నెల నిండేసరికే, దాని జీవితానికి సరిపడా అండాలన్నీ దానిలో తయారై ఉంటాయి అత్తా. అంటే, ఆ గంజి చెంబు పట్టుకుని నిలబడ్డ అవ్వ కడుపులో జేజి ఉంటే, జేజి కడుపులో నువ్వు కావాల్సిన అండం కూడా ఉంది.”

నాకు ఒళ్ళు జలదరించింది. నేను 1952 కరువు గురించి రెండు కథలు రాశాను. ఆ వరసలో నేనూ నిలబడ్డానని అప్పుడు తెలియదు!

ఒక్క మనిషి సుగరుకు ఫలానా కరువే కారణమని వేలు పెట్టి చూపలేం. మేనకోడలు ఆ మాట గట్టిగానే చెప్పింది. ఇవన్నీ వందల మందిని, వేల మందిని కలిపి చూస్తే కనపడే లెక్కలు. ఒంటి తీరు ఒకటే కాదు, తర్వాతి బతుకు కూడా కలవాలి. కలిసింది మరి! అమ్మ పుట్టినింట తిన్నది రాగిసంగటి, కొర్రన్నం, జొన్నరొట్టె. వరన్నం పండగనాటి మాట. ఆ తర్వాత కొర్రచేలు పోయి శెనక్కాయ వచ్చింది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. ముప్పూటలా తెల్లన్నం తినగలగడం ఆమెకు గెలుపు. ఆ గెలుపును తప్పనడానికి నాకు నోరెట్లా వస్తుంది? నాన్న వేయించిన బోర్లు ఒకటి తర్వాత ఒకటి ఎండిపోయినప్పుడు ఆమె నిద్రపోని రాత్రులు ఎన్నో. దిగులు ఎక్కువైతే ఒంట్లో కార్టిసాల్ అనేదొకటి ఊరి, రక్తంలో చక్కెరను పెంచుతుందట. తర్వాత మా దగ్గరికి, టౌనుకు వచ్చింది. బిందెలు మోయడం లేదు, కలుపు తీయడం లేదు. కరువుకని తయారైన ఒళ్ళు, కూర్చుని తినే బతుకులోకి వచ్చి పడింది.

ఇన్ని చేతులు కలిసి చేసిన జబ్బును నేను ఒక్క బెల్లం ముక్క మీద రుద్దాను!

అయితే ఇదంతా నుదుటిరాతేనా అంటారేమో. నేనూ అదే అడిగాను. దానికి జవాబుగా మేనకోడలు మన హైదరాబాదు కథ చెప్పింది. జాతీయ పోషకాహార సంస్థ వారు 1987 నుంచి 1990 వరకు హైదరాబాదు దగ్గరి 29 పల్లెల్లో ఒక పరిశీలన చేశారు. 15 పల్లెల్లో గర్భిణులకూ, చిన్నపిల్లలకూ అంగన్‌వాడీ పథకం కింద అదనంగా తిండి పెట్టారు. మిగిలిన 14 పల్లెలకు ఆ పథకం అప్పటికింకా రాలేదు. మళ్ళీ 2003–05లో వెళ్ళి ఆ పిల్లలను వెతికి చూశారు. అప్పటికి వాళ్ళకు పదమూడు నుంచి పద్ధెనిమిదేళ్ళు. తిండి అందిన పల్లెల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎత్తు పెరిగారు. అది గోరంత తేడానే అనుకోండి. కాని వాళ్ళ రక్తనాళాలు బిరుసెక్కలేదు, ఇన్సులిన్ మాట వాళ్ళ ఒళ్ళు బాగా వింటోంది! 2008లో ఈ సంగతి బ్రిటిష్ వైద్యపత్రికలో వచ్చింది.

అంగన్‌వాడీలో గరిటెతో వడ్డించిన తిండి పదిహేనేళ్ళ తర్వాత రక్తనాళంలో కనపడింది. నుదుటిరాత అంటున్నాం గాని, ఆ రాసే చేతిలో గరిటె కూడా ఉందన్నమాట!

ఆ రాత్రి భోజనాల దగ్గర నాకు మరొకటి కనపడింది. మగవాళ్ళు తిని లేచారు. నేనూ మేనకోడలూ మిగిలినది సర్దుకుంటున్నాం. ఆ పిల్ల గిన్నె అడుగున పప్పు గీరుకుని, మజ్జిగ పోసుకుని, “చాలత్తా, ఆకల్లేదు” అంది. ఇరవై మూడేళ్ళ పిల్ల నలభై రెండు కిలోలు! పొద్దున టీతో సరిపెడుతుంది. ఒంటి గురించి ఇన్ని చదివిన పిల్ల! మా అవ్వ కరువులో అడుగున మిగిలింది తాగింది. మన ఇళ్ళలో కరువు లేదు, అయినా అడుగున మిగిలిందే ఆడవాళ్ళకు. నిజం చెప్పండి, మీ ఇంట్లో ఎవరు చివర తింటారు?

అమ్మ కూడా చూసినట్టుంది. మర్నాడు మధ్యాహ్నం అందరికంటే ముందు మనవరాలిని పిలిచి పీట వేసింది. సంగటి ముద్ద, గట్టిపప్పు, ఆకుకూర, కోడిగుడ్డు. “జేజీ, నాన్న ఇంకా తినలేదు” అంటే, “వాడు తింటాడులే. ముందు నువ్వు తినల్ల” అంది. తర్వాత నా వైపు తిరిగి, “నువ్వూ కూర్చో పాపా” అంది.

పండగనాటి తర్వాత ఆమె నన్ను పాపా అనడం అదే మొదటిసారి.

ఇప్పుడు మా ఇంట్లో కొన్ని మారాయి. సంగటి కదా అని రెండు ముద్దలు లాగించాలని చూశాను గాని, అదీ పిండిపదార్థమేనని మేనకోడలు ఒక ముద్దకు కుదించింది. తిన్నాక అమ్మా నేనూ వీధి చివరి దాకా నడిచి వస్తాం. గాదె కాస్త పెంచుకోవాలి గదా! దారి పొడుగునా ఆమె మాట్లాడుతూనే ఉంటుంది. ఈ నడకల్లో మా అవ్వ గురించి నాకు తెలిసినంత, నలభై ఏళ్ళలో తెలియలేదు. డబ్బాల కాపలా ఉద్యోగానికి నేను రాజీనామా ఇచ్చాను.

ఆ రోజు మనవరాలి కంచంలో సంగటి పక్కన అమ్మ ఒక బెల్లం ముక్క పెట్టింది. పెట్టేముందు గోటితో చివర కొంచెం తుంచి తన నాలుక మీద వేసుకుంది. వేసుకుని నా వైపు చూసింది.

నేను కిటికీ వైపు చూశాను. అక్కడ చీమలు లేవు.