చిరిగిన పుస్తకాల లెక్క

మీ ఇంట్లో రెండు మూడేళ్ల పిల్లలున్నారా? ఉంటే పుస్తకాలు ఎక్కడ పెడతారు? బీరువా పై అరలోనే కదూ! నేనూ అంతే. మందు సీసాలు, కత్తిపీట, పుస్తకాలు, ఈ మూడూ పిల్లల చేతికి అందకూడదని మా అమ్మ చెప్పేది. గౌలిపురాలో మేం ఏడుగురు ఆడవాళ్లం కలిసి నడిపే పిల్లల పుస్తకాల గదిలో కూడా నేను అదే రూలు పెట్టాను. ఆరేళ్లు నిండనివాళ్లు లోపలికి రాకూడదు. ఆ రూలు ఎలా పోయిందో చెప్తాను, వినండి.

పాతబస్తీ అనగానే బయటివాళ్లకు గాజులూ, బిర్యానీ, గొడవలూ గుర్తొస్తాయి. పుస్తకాలు గుర్తు రావు. కానీ మాకు దగ్గర్లోని శాలిబండలో మరాఠీవాళ్ల భారత్ గుణవర్ధక్ సంస్థ గ్రంథాలయం 1895 నాటిది. అఫ్జల్‌గంజ్ పెద్ద లైబ్రరీ 1891లో అసఫియా లైబ్రరీగా మొదలై, 1936లో మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనంలోకి వచ్చింది. నది దాటితే సుల్తాన్ బజార్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం, 1901లో పుట్టింది. మన పెద్దవాళ్లు ఎంత కష్టపడి పెట్టారో! అయితే అవి చదవడం వచ్చినవాళ్ల కోసం పెట్టినవి. అసలు అక్షరమే రాని బుడతడి సంగతి నాకూ తట్టలేదు.

మాది పేరుకు రిజిస్టరు చేయించిన సొసైటీ, నిజానికి ఒక్క గది. రెండు ఇనుప బీరువాలు, ఒకటి తెలుగు, ఒకటి ఉర్దూ. కమిటీలో ఒకావిడ వనస్థలిపురం వెళ్లిపోవడంతో ఒక స్థానం ఖాళీ అయింది. నేను రిటైరైన హెడ్మాస్టరు గారి పేరు చెప్పాను. పెద్దమనిషి, ఇంగ్లీషు బాగా వచ్చు, చందాలు కూడా వస్తాయని నా ఆశ. మా పక్కింటావిడ మాత్రం ఆపా పేరు చెప్పింది. ఆపా అంటే మా వీధి వెనకాల అంగన్‌వాడీలో ఇరవై ఏళ్లకు పైగా పనిచేసి దిగిపోయిన టీచరు. అందరం ఆపా అనే పిలుస్తాం.

"ఆవిడ పిల్లలకు చదవడమే రాదు కదా, చదివించే సంఘంలో ఆవిడేం చేస్తుంది?" అన్నాను. అన్నాక నాకే నోరు జారినట్టనిపించింది. పైగా ఆపా గుమ్మం దగ్గరే ఉంది, చెప్పులు విప్పుతూ.

ఆవిడ ఏమీ అనలేదు. వచ్చి చాప మీద కూర్చుని, మా నష్టాల రిజిస్టరు అడిగింది. "చిరిగినవి: 11" అని ఎర్ర సిరాతో నేనే రాశాను. ఇంటికి తీసుకెళ్లిన అక్కల చేతుల్లోంచి తమ్ముళ్లు లాక్కుని చింపినవి. "ఆ బుక్కులు పారేసిండ్రా అక్కా? ఉంటే చూపియ్యండి" అంది. అటక మీంచి దించాను.

ఆవిడ ఒక్కొక్కటీ తిరగేసి చిరిగిన పేజీ దగ్గర వేలు పెట్టింది. మూడు పుస్తకాల్లో ఏనుగు బొమ్మే చిరిగింది. "చూసిండ్రా? మొహర్రంలో బీబీ కా ఆలం మోసేది ఏనుగే, బోనాల్లో అక్కన్న మాదన్న గుడి ఘటం మోసేది ఏనుగే. మన గల్లీ పిల్లలకు ఎరికైన జానవర్ ఇది. దొరికిందని గట్టిగ పట్టుకున్నరు, చినిగింది. చదవని పుస్తకం చినగదు అక్కా." నాకు నవ్వూ వచ్చింది, సిగ్గూ వేసింది.

కమిటీలో ఒకావిడ ఊరుకోలేదు. "మూడో తరగతి అయ్యేసరికి ప్రతి పిల్లా అర్థం చేసుకుని చదవాలని 2021లో నిపుణ్ భారత్ పెట్టారు. దానికి అనుభవమున్న మాస్టారే కావాలి" అంది. మాట మంచిదే. ఆపా తల ఊపింది. "మరి 2020 విద్యా విధానంలో చదువు ఏ వయసు నుంచి లెక్క కట్టిండ్రు? మూడేళ్ల నుంచి. మూడు నుంచి ఎనిమిది దాకా ఒక్కటే మెట్టు. పైమెట్టుకు మాస్టరు గారు ఉన్నరు, కింద మెట్టుకు ఎవరున్నరు?"

తన ట్రైనింగులో విన్న సంగతి కూడా చెప్పింది. గుజరాత్‌లో గిజుభాయి బధేకా అని ఒక వకీలు, వకాల్తా వదిలేసి 1920లో భావ్‌నగర్‌లో చిన్నపిల్లలకు బాల మందిర్ పెట్టాడు. కొట్టడం లేదు, ముందు కథలు. ఆయన్ని జనం 'మీసాల అమ్మ' అనేవారట!

ఢిల్లీలోనూ ఇలాంటి ఖాళీనే ఒకావిడ పూడ్చారని తర్వాత తెలుసుకున్నాను. మీనా స్వామినాథన్ గారి పేరు విన్నారా? శాస్త్రవేత్త ఎం.ఎస్. స్వామినాథన్ గారి భార్య అంటే అందరూ 'ఓహో' అంటారు. అలా చెప్పాల్సి రావడం నాకు నచ్చదు, ఆవిడ పని ఆవిడదే. బడి ఈడు రాని పిల్లల గురించి కేంద్రం వేసిన అధ్యయన బృందానికి ఆవిడ అధ్యక్షురాలు. 1972లో నివేదిక ఇచ్చారు. తిండి, ఆరోగ్యం, ఆట, చదువు పిల్లల విషయంలో విడదీయకూడదనేదే అందులో ముఖ్యం. 1975 అక్టోబర్ 2న 33 చోట్ల మొదలైన ఐసీడీఎస్, అంటే మన అంగన్‌వాడీ, ఆ బాటలోనే వచ్చింది. ఆవిడ 2022లో పోయారు.

ఇక నా సంగతి. మీతో చెప్పుకోవడానికి మొహమాటంగానే ఉంది. మావాడికి మూడున్నరేళ్లప్పుడు ఒక స్కూల్లో సీటు కావాలంటే అక్షరాలన్నీ రాయాలన్నారు. రోజూ సాయంత్రం వంటింటి గుమ్మంలో కూర్చోబెట్టి, ఒక చేత్తో పప్పు తిప్పుతూ, ఇంకో చేత్తో పలక మీద 'అ' దిద్దించేదాన్ని. వాడి వేళ్లకు బలపం నిలిచేది కాదు. పప్పుగుత్తితో రెండు మూడుసార్లు తగిలించాను కూడా. సీటు వచ్చింది. పుస్తకం మాత్రం వాడు సొంతంగా ఎప్పుడూ తెరవలేదు. పిండి పులవకుండా అట్టు పోసి, పెనాన్ని తిట్టినదాన్ని నేను. మొన్న ఫోన్లో ఈ గది కబుర్లు చెప్తుంటే, "అమ్మా, నాకు ఒక్క కథైనా చెప్పావా?" అని మామూలుగానే అడిగాడు. చెప్పలేదు. జవాబు కూడా చెప్పలేకపోయాను.

చేతులెత్తమన్నారు. నాలుగు చేతులు లేచాయి. నాది అయిదోది, కాస్త ఆలస్యంగా. హెడ్మాస్టరు గారు నొచ్చుకుంటారేమో అనుకున్నాం గానీ, ఆయన ఆదివారాలు పెద్దపిల్లల చేత చదివిస్తానని తనే వచ్చారు.

ఆపా చేసిన మొదటి పని బీరువా తాళం తీయడం. రెండోది, కింద చాప పక్కన మోకాలెత్తు చెక్క అర పెట్టించడం. మూడోది నాకు కష్టమనిపించింది. కొత్త గైడ్లకని దాచిన ఆరు వేలు బొమ్మల పుస్తకాలకు ఖర్చు పెట్టించింది. ఒకే కథ తెలుగులో ఒకటి, ఉర్దూలో ఒకటి. ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్‌లో ఇలాంటి కథలు ఉచితంగానే దొరుకుతాయి, కొన్ని అచ్చు తీయించాం. మీరూ ఫోన్లో చూసుకోవచ్చు, కానీ పిల్లాడి చేతికి ఫోను కాక కాగితమే ఇవ్వండి.

తల్లులు మొదట్లో గుమ్మం దగ్గరే నిలబడేవాళ్లు. "నాకు సదువు రాదమ్మా" అని చాత్రినాక నుంచి వచ్చే ఒకమ్మాయి వెనక్కి తగ్గింది. "చదవకు. బొమ్మ చూసి నీకు తోచింది చెప్పు, నీ మాటల్లనే" అంది ఆపా. ఆ పిల్ల సిగ్గుపడుతూ ఏనుగుకు వాళ్ల మామ పేరు పెట్టి కథ చెప్పింది. ఒళ్లో ఉన్న రెండేళ్ల బాబు పేజీ తిప్పకుండా చెయ్యి అడ్డం పెట్టాడు, మళ్లీ చెప్పమని. ఇన్నేళ్లలో మా గదిలో అంత నవ్వు నేను వినలేదు.

చిరగడం ఆగలేదు, అబద్ధం చెప్పను. అతికించే పని నాది. రెండు చెంచాల మైదా ఒక గ్లాసు చన్నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, సన్నని సెగ మీద మెరుపు వచ్చేదాకా తిప్పితే లై తయారు. పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం వేయబోతే ఆపా నా చెయ్యి పట్టుకుంది. "వాళ్లు పేజీ నోట్లో పెట్టుకుంటరు అక్కా, అది విషం." అందుకని ఏ రోజు లై ఆ రోజే.

రిజిస్టరు ఇప్పటికీ నేనే రాస్తున్నాను. ఎర్ర సిరా మానేశాను. నష్టం అన్నచోట 'ఏ పేజీ' అని గడి గీశాను. పోయిన నెల ఏడు పుస్తకాలు. వాటిలో అయిదింట్లో ఏనుగే.