మిసెస్ అన్న మాట వెనక

ద్వారకా నగర్‌లో ఈమధ్య ఏ కోచింగ్ సెంటర్ ముందు నిలబడినా ‘క్వాంటమ్’ అన్న మాట చెవిన పడుతోంది. 2023లో కేంద్ర మంత్రివర్గం 6,003.65 కోట్లతో జాతీయ క్వాంటమ్ మిషన్‌ని ఆమోదించింది. 2025లో అమరావతికి క్వాంటమ్ వ్యాలీ అన్నారు, ఐబీఎం 156 క్యూబిట్ల యంత్రం అన్నారు. మా కింది వాటాలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివే అమ్మాయి ఒక సాయంత్రం పైకొచ్చి, “అక్కా, ఇందులో ఉద్యోగమైతే సరేనంటున్నారు నాన్న. పీహెచ్‌డీ అంటే మాత్రం అయిదేళ్లు ఆగాక సంబంధాలెక్కడివంటున్నారు” అంది.

నాది సాహిత్యం. ఆమె సమీకరణాలు నాకు తెలియవు. కానీ ఎవరి పేరు నిలిచింది, ఎవరి పేరు జారిపోయింది అని వెతకడం నాకు అలవాటైన పని.

మన ఊళ్లోనే మిసెస్ ఏ.వి.ఎన్. కాలేజీ ఉంది. అంకితం వెంకట నరసింగరావు గారి భార్య పేరిట పెట్టింది. పేరిట అంటున్నాం గానీ బోర్డు మీద ఉన్నవి భర్త పొడి అక్షరాలే, ఆమె వాటా ‘మిసెస్’ ఒక్కటే! సి.వి. రామన్ తండ్రి అక్కడే పాఠాలు చెప్పారు, రామన్ అక్కడే చదువుకున్నారు. ఆ రామనే 1933లో బెంగుళూరులో కమలా సొహోనీని ఆడపిల్ల అన్న కారణంతో చేర్చుకోనన్నారు. ఆమె పట్టుబడితే ఏడాది పరీక్షాకాలం మీద ఒప్పుకున్నారు.

క్వాంటమ్ చరిత్రలోనే మరో పేరుంది, గ్రేటే హెర్మన్. గణితంలో ఎమ్మీ నోయితర్ శిష్యురాలు. క్వాంటమ్ సిద్ధాంతంలోని అనిశ్చితి వెనక మనకి కనబడని కారణాలేవీ ఉండే వీల్లేదని 1932లో ఫాన్ నాయ్‌మన్ గణితంతో నిరూపించాడు. ఆ నిరూపణ, తేల్చవలసిన విషయాన్నే ముందుగా ఒప్పేసుకుంటోందని 1935లో హెర్మన్ చూపించింది. పట్టించుకున్నవాళ్లు దాదాపు లేరు. 1966లో జాన్ బెల్ అదే లోపాన్ని విడిగా ఎత్తిచూపాకే చర్చ మొదలైంది. ఆమె రాసింది భౌతిక శాస్త్రజ్ఞులు చదవని తాత్విక పత్రికలో కదా అని సర్దిచెప్పేవాళ్లున్నారు. నాకది చాలదు. లైప్‌జిగ్ వెళ్లి హైజెన్‌బర్గ్‌తో ముఖాముఖి వాదించిన మనిషి ఆమె. ఆ సంభాషణకి ఆయన తన జ్ఞాపకాల్లో ఒక అధ్యాయమే ఇచ్చాడు. తెలియని మనిషేం కాదు.

బెల్ వేసిన ప్రశ్న మీద జరిగిన ప్రయోగాలకి 2022లో నోబెల్ వచ్చింది. ఎంత దూరాన ఉన్నా రెండు కణాల ఫలితాలు ముడిపడి ఉండటాన్ని ఆ ప్రయోగాలు చూపించాయి. అమరావతికి తెస్తామంటున్న యంత్రం కూడా అలాంటి ముడుల మీదే పనిచేస్తుంది.

ఇదంతా చెబితే ఆ అమ్మాయి అడిగింది, “తర్వాత ఆవిడ ఏం చేసిందక్కా?”

నాజీలని ఎదిరించి దేశం విడిచింది. యుద్ధం తర్వాత తిరిగొచ్చి, బ్రెమెన్‌లో టీచర్లకి చదువు చెప్పింది.

“ఫిజిక్స్?”

“చాలావరకు వదిలేసింది.”

కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఫోన్‌లో నెట్ పరీక్ష దరఖాస్తు తెరిచి కిందిదాకా చూసుకుంది. తండ్రి పేరు రాయడానికి గడి ఉంది. తండ్రి సంతకానికి లేదు. మళ్లీ మొదటి నుంచీ చూసుకుంది.