తడికి తడికి నడుమ

డిసెంబర్ 8
సార్వా (ఖరీఫ్) వరి కోత అయింది. మిషన్ కోసిన చేలో కొయ్యకాళ్లు పొడుగ్గా మిగిలాయి. ఇక గోదావరి డెల్టాలో దాళ్వా (రబీ) తొందర. ఏప్రిల్‌లో కాలువలు కట్టేసేలోగా పంట గట్టెక్కాలి. అందుకే గడ్డిని కొందరు తగలబెడతారు, కొందరు పచ్చిగానే దమ్ములో తొక్కేస్తారు.

డిసెంబర్ 15
నీరు నిలిచిన మట్టికి గాలి ఆడదు. గాలి లేకుండా బతికే సూక్ష్మజీవులు కుళ్లే గడ్డి నుంచి భూమిని వేడెక్కించే మీథేన్ వాయువును తయారుచేస్తాయి. బురదలో కాలు పెడితే లేచే బుడగలు కొంతే. ఎక్కువ భాగం వరి మొక్క లోపలి గాలి గొట్టాల గుండా పైకి పోతుంది.

డిసెంబర్ 19
వాతావరణ మార్పుల అంతర్ ప్రభుత్వ ప్యానెల్ ఐపీసీసీ 2019 మీథేన్ గుణకాలు చూశాను. నాట్లకు నెలలోపు కలిపిన గడ్డికి 1. నెలకు ముందే కలిపితే 0.19. నీరు నిలవని మట్టిలో గాలి తగిలి చివికిన గడ్డి మీథేన్‌కు పెద్దగా మేత కాదు. కోసిన వెంటనే, ఆ చెమ్మలోనే దున్నేయాలి. నాట్లకు నెల వ్యవధి లేకపోతే గడ్డి పశువుల పాకకో కంపోస్టు గుంటకో పోవాలి.

జనవరి 11
చవుడు చేలకు జిప్సం వేస్తున్నారు. అందులోని సల్ఫేటుతో బతికే బాక్టీరియా మీథేన్ జీవుల మేతకే పోటీకి వస్తుంది. నేల బాగుకు వేసిన జిప్సం గాలికీ మేలు చేస్తోంది.

ఫిబ్రవరి 4
ఆరుతడికి రంధ్రాల పైపు పాతాం. పైపులో నీరు నేలమట్టానికి 15 సెంటీమీటర్ల కిందికి దిగాక మళ్లీ 5 సెంటీమీటర్లు పెట్టాలి. ఎప్పుడూ నీరు నిలిపిన చేనుకు మీథేన్ గుణకం 1 అయితే, ఒకసారి ఆరబెడితే 0.71, పలుమార్లు ఆరబెడితే 0.55. యూరియా వేసిన చేను ఆరితే మరో వేడెక్కించే వాయువు నైట్రస్ ఆక్సైడ్ పెరగొచ్చు, దాన్నీ లెక్కలో వేసుకోవాలి. ఈనిక వేళ మాత్రం చేను ఎండకూడదు.

ఫిబ్రవరి 18
కాలువ శివారు రైతు ఒకాయన అడిగారు: “ఉన్న నీరు తీసేస్తే, మళ్లీ వంతు ఎప్పుడొస్తాదండీ?” ఆయన భయం న్యాయమైనది. నీరు నిలబెట్టుకోవడమే శివారులో పంటకు బీమా.

ఫిబ్రవరి 20
వంతు తేదీ ముందే తెలియాలి, ఆ రోజు నీరు చివరి మడి దాకా రావాలి. అప్పుడే రైతు ధైర్యంగా చేను ఆరబెడతాడు. పైపులు పంచడం తేలిక. పూడిక తీయించి శివారుకు నీరు ఖాయం చేయడమే మీథేన్ తగ్గించే అసలు పని. నీటి సంఘం సమావేశంలో ముందు దీన్నే అడగాలి.