పైలట్ కావాలంటే

"పెద్దయ్యాక ఏమవుతారు?" అని టీచరుగారు అడిగితే మా తరగతిలో నలుగురం "పైలట్" అంటాం. చిన్నప్పుడు యూనిఫాం, టోపీ చూసి అనేవాళ్లం. ఇప్పుడు పదో తరగతికి వచ్చాం. పదకొండులో ఏ గ్రూపు తీసుకోవాలో త్వరలోనే తేల్చుకోవాలి. అందుకే పైలట్ కావడానికి ఏమేం కావాలో వివరాలు సేకరించాం.

మన దేశంలో పైలట్ లైసెన్సు ఇచ్చేది డీజీసీఏ. ఇంటర్ స్థాయిలో ఫిజిక్స్, మ్యాథ్స్ పాసవ్వాలి. కమర్షియల్ పైలట్ లైసెన్సుకు 18 ఏళ్లు నిండాలి. క్లాస్ 2, ఆ తరువాత క్లాస్ 1 వైద్య పరీక్షలు ఉంటాయి. కళ్లద్దాలు ఉంటే పనికిరామేమోనని మాలో ఇద్దరు దిగులుపడ్డారు. అద్దాలతో చూపు సరిపోతే చాలట! రంగులు మాత్రం తేడా లేకుండా గుర్తుపట్టాలి.

రాత పరీక్షల్లో నావిగేషన్, వాతావరణం, విమానయాన నిబంధనలు ముఖ్యమైనవి. మ్యాథ్స్ ఎందుకో నావిగేషన్ గురించి చదివాక అర్థమైంది. హైదరాబాద్‌కు నాగపూర్ దాదాపు ఉత్తరాన ఉంది. విమానం ముక్కును సూటిగా నాగపూర్ వైపే ఉంచితే పడమటి గాలి దాన్ని తూర్పుకు నెట్టేస్తుంది. ఎన్ని డిగ్రీలు ఎడమకు తిప్పాలో ముందే లెక్క కట్టాలి.

లైసెన్సుకు 200 గంటలు విమానం నడపాలి. అందులో 100 గంటలు బాధ్యతంతా మనదే. లైసెన్సు వచ్చాక, నడపబోయే పెద్ద విమానం కోసం విడిగా టైప్ రేటింగ్ శిక్షణ తీసుకోవాలి. అప్పుడు కుడి సీటులో ఫస్ట్ ఆఫీసర్‌గా కూర్చుంటారు. ఎడమ సీటులో కెప్టెన్‌గా కూర్చోవాలంటే ఏటీపీఎల్ అనే పై లైసెన్సు కావాలి. దానికి 1500 గంటలు!

అసలు చిక్కు డబ్బు దగ్గర వచ్చింది. శిక్షణకు లక్షలకు లక్షలు అవుతాయి. అమ్మానాన్నల జీతం, తమ్ముళ్ల, చెల్లెళ్ల చదువులు మాకు తెలియనివి కావు. ఇక్కడే మా నలుగురి దారులు వేరయ్యాయి. ఒకరు ఉత్తరప్రదేశ్‌లోని ఫుర్సత్‌గంజ్‌లో ఉన్న ప్రభుత్వ ఉడాన్ అకాడమీ ప్రవేశ పరీక్ష రాసి, బ్యాంకు లోను తీసుకుంటామన్నారు. ఒకరు ముందు డిగ్రీ చేసి, సంపాదించి, ఆ తరువాతే అన్నారు. ఇద్దరు ఎన్‌డీఏ రాసి వాయుసేనలో చేరతామన్నారు. అక్కడ శిక్షణ ఖర్చు ప్రభుత్వానిదే. ఇప్పుడు అమ్మాయిలకూ అవకాశం ఉంది. అయితే అది సైనిక జీవితమని, ప్రయాణికుల విమానం నడిపే ఉద్యోగం కాదని వాళ్లకు తెలుసు.

మాకు బాగా నచ్చింది లాగ్‌బుక్. ఎగిరిన ప్రతి గంటా అందులో రాస్తారు. ట్రాన్స్‌ఫర్ వస్తే మనకు బడి మారుతుంది, స్నేహితులు మారతారు, అప్పుడప్పుడు భాష కూడా మారుతుంది. లాగ్‌బుక్‌లోని గంటలు మాత్రం ఏ ఊరు వెళ్లినా మనతోనే వస్తాయి.

దారులు వేరైనా ఒక్క విషయంలో నలుగురిదీ ఒకే మాట. పదకొండులో ఫిజిక్స్, మ్యాథ్స్ వదలం. నేర్చుకున్న లెక్క కూడా లాగ్‌బుక్‌లోని గంటలాంటిదే కదా!