పద్నాలుగు స్తంభాలు

వంతెనలను గురించి, కన్వేయరు బెల్టులను గురించి, గనులలోని భారీ యంత్రాలను గురించి ఈ పత్రికలో మన సహోద్యోగులు ఎన్నో వ్యాసాలు వ్రాశారు. మేము వ్రాయబూనినది ఒక జీపుల షెడ్డును గురించి. దాని పొడవు 18 మీటర్లు, వెడల్పు 6 మీటర్లు. గోడలు లేవు, తలుపులు లేవు. రెండు వరుసలలో ఏడేసి చొప్పున పద్నాలుగు కర్రస్తంభాలు, వాటిపై దూలాలు, ఆపై రేకులు. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఇంతకంటె పెద్ద పనులు అనేకం చేశాము. వాటిలో ఏ ఒక్కటీ మా నిద్రను చెడగొట్టలేదు.

అది 1996వ సంవత్సరం, మే నెల. సివిల్ ఇంజనీరింగు పట్టా పుచ్చుకొని ఉద్యోగంలో చేరి మాకు మూడేళ్ళు. దంతెవాడ చేరువలోని శిబిరంలో పని. ఆనాడు ఆ ప్రాంతమంతా మధ్యప్రదేశ్‌లోని బస్తరు జిల్లా. కేరళ రాష్ట్రం కంటె విస్తీర్ణంలో పెద్దదైన జిల్లా అది. 1998లో దంతెవాడ వేరు జిల్లా అయింది, 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం ఏర్పడింది. రెండు జీపులు, ఒక ట్రక్కు, ఒక అంబులెన్సు చెట్ల కింద నిలిచి ఎండకు ఎండుతూ వానకు తడుస్తూ ఉండేవి. వర్షాలు రాకముందే వాటికి నీడ కల్పించమని ఉత్తర్వు. మంజూరైన సొమ్ము స్వల్పం, గడువు ఆరు వారాలు. కాంక్రీటు స్తంభాలకు వ్యవధి లేదు. అటవీశాఖ డిపోలో సాల దుంగలు దొరుకుతాయి గనుక కర్రస్తంభాల షెడ్డుకే అంచనా తయారు చేశాము.

ఇటువంటి కట్టడం చూడటానికి అతి తేలిక. గోతులు త్రవ్వి స్తంభాలు పాతి పైన కప్పు వేయడమే గదా అనిపిస్తుంది. కాని నాలుగువైపులా తెరచి ఉన్న షెడ్డులోకి గాలి చొరబడి రేకులను పైకి ఎత్తుతుంది, స్తంభాలను పక్కకు నెడుతుంది. పట్టుకోవడానికి గోడ లేదు, పునాది దిమ్మె లేదు. స్తంభం భూమిలో ఎంత లోతు ఉన్నదో అంతే దాని బలం. మేము నిర్ణయించిన లోతు 1.35 మీటర్లు.

రెండవ శత్రువు చెదలు, కుళ్ళు. పూర్తిగా భూమిలో ఉన్న కర్ర, పూర్తిగా గాలిలో ఉన్న కర్ర కొంతకాలం ఓర్చుకుంటాయి. నేల మట్టం దగ్గర తేమ, గాలి, వెచ్చదనం మూడూ కలుస్తాయి కనుక కర్ర అక్కడ ముందు చెడుతుంది. సాల కర్రలో చేవ గట్టిదే గాని, పైనున్న తెల్లచెక్కను చెదలు వదలవు. దీనికి సరియైన విరుగుడు కనిపెట్టినది మన సొంటి కామేశం గారు. డెహ్రాడూన్ అటవీ పరిశోధనా సంస్థలో పనిచేస్తూ 1933లో రాగి, క్రోమియం, ఆర్సెనిక్ లవణాల మిశ్రమాన్ని రూపొందించారు. అమెరికాలో రైతులు కర్రస్తంభాలు పాతి కట్టుకునే షెడ్లకు దశాబ్దాల తరబడి ఆధారమైనది ఆ మిశ్రమమే. ఆర్సెనిక్ భయం వల్ల 2003 చివరినుండి అక్కడ ఇళ్ళ అవసరాలకు దాని వాడకాన్ని మానివేశారు. ఒత్తిడితో ఆ మందును కర్రలోకి ఎక్కించే యంత్రం మా శిబిరానికి ఎక్కడిది? మాకు దొరికినది తారు. ప్రతి స్తంభానికీ అడుగునుండి 1.65 మీటర్ల ఎత్తు వరకు వేడి తారు రెండు పూతలు పూయించాము. స్తంభం పాతిన తరువాత నేలపైన సరిగ్గా 30 సెంటీమీటర్ల నల్లని పట్టీ కనబడాలి.

కాంట్రాక్టరు విజయనగరం జిల్లావాడు. కొత్తవలస - కిరండూల్ రైలుమార్గం వేసే రోజులలో తండ్రి చేయి పట్టుకొని వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. నికార్సయిన పనివాడు. లాభం మీద ఆశ లేనివాడని మాత్రం అనము. లాభం మీద ఆశ లేకపోతే కాంట్రాక్టరు ఎందుకవుతాడు?

భూమిలో కప్పబడిపోయే పనిని పూడ్చుటకు ముందే కొలిచి మెజర్మెంటు బుక్కులో ఎక్కించాలన్నది మన శాఖలో అడుగుపెట్టిన ప్రతివాడికీ మొదటిరోజే చెప్పే నియమం. పన్నెండు గోతులను అట్లే కొలిచాము. చివరి రెండు, ఉత్తరపు వరుసలో అయిదవది, ఆరవది, త్రవ్వుతున్న రోజున మా శ్రీమతి నాలుగు నెలల పసిబిడ్డతో విశాఖ బండిలో వస్తున్నది. మధ్యాహ్నమే దంతెవాడ స్టేషనుకు వెళ్ళాము. బండి ఆలస్యం. రాత్రికి గాని ఇల్లు చేరలేదు. మరునాడు ఉదయం వచ్చి చూస్తే పద్నాలుగు స్తంభాలూ నిటారుగా నిలిచి ఉన్నాయి. చుట్టూ మన్ను కుప్పలు, పనివారి సామాను. గుండుదారం పట్టి నిలువు చూశాము. బాగున్నది. పద్నాలుగింటికీ 1.35 అని వ్రాసి సంతకం చేశాము. చూడని రెండింటికీ చేసిన ఆ సంతకం ఏ ప్రలోభం వల్ల చేసినది కాదు. ఇంటి దగ్గర బిడ్డ ఏడుస్తున్నది, త్వరగా వెళ్ళాలి, అంతే.

పది రోజుల తరువాత, రేకులు వేయడం ముగిసి, మన్ను చదును చేసి, అంబులెన్సును తెచ్చి కప్పు కింద నిలిపిన సాయంకాలం షెడ్డును ముచ్చటగా చూసుకుంటూ నిలబడ్డాము. పన్నెండు స్తంభాలకు నల్లని పట్టీ జానెడున్నర ఎత్తున వరుసగా ఉన్నది. అంబులెన్సుకు అటూ ఇటూ ఉన్న రెండు స్తంభాలకు మాత్రం తొడ ఎత్తున ఉన్నది. టేపు పెట్టి చూస్తే 88 సెంటీమీటర్లు, 91 సెంటీమీటర్లు. అంటే భూమిలో ఉన్నది రెండున్నర అడుగులే. పైభాగాన్ని కోసి వరుసలో కలిపేశారు.

కాంట్రాక్టరును పిలిపించాము. తల వంచుకొని నిలబడతాడనుకున్నాము. అతడు వంచలేదు.

“రాయి తగిలింది సార్. మధ్యాహ్నం మనిషిని మీ ఆఫీసుకి పంపించాను. స్టేషనుకెళ్ళారన్నారు. రాయి కొట్టిస్తే ఆ కూలి ఎవరిస్తారు? మీ కాయితంలో రాయన్న మాటే లేదు.”

నిజమే. మా అంచనాలో మెత్తని నేల, గట్టి నేల అని రెండు రకాలే ఉన్నాయి. ఎర్రమన్ను చూసి, ఒక్క పరీక్ష గొయ్యి అయినా త్రవ్వించకుండా ఆ అంచనా వ్రాసినది మేమే. కాంట్రాక్టరు మోసమని మనం ఆఫీసులలో చెప్పుకునే వాటిలో కొంత భాగం మన అంచనా కాగితాల మీదనే మొలకెత్తుతుందని ఆనాటినుండి మా అభిప్రాయం. అయితే అడగకుండా పూడ్చివేయడం అతడి తప్పే. ఆ మాటే అన్నాము.

అప్పుడు గొంతు తగ్గించి, “పుస్తకం జోలికెళ్ళకండి సార్. రేపు ఆదివారం, నా మనుషుల్ని పెట్టి రెండూ సరిచేసేస్తాను, నా ఖర్చు. మీకూ మాట రాదు, నాకూ రాదు” అన్నాడు.

మూడు రోజులలో పై అధికారి తనిఖీ. మాకు ఆ మాట ఎంత తియ్యగా వినబడినదో దాచుకోము. కేంద్ర విజిలెన్సు కమిషనుకు చెందిన చీఫ్ టెక్నికల్ ఎగ్జామినరు పేరు చెబితే ఆనాటి కుర్ర ఇంజనీర్లకు గుండె జారేది. కాని జీపుల షెడ్డు కోసం ఢిల్లీనుండి ఎవరు వస్తారు? లోపం సరిదిద్దబడుతుంది, సంస్థకు నష్టం లేదు, ఇక చెప్పడమెందుకు? ఆ రాత్రి అంబులెన్సును బయటికి తీయించాము. ఎందుకని డ్రైవరు అడిగితే రేకులు బిగించాలని అబద్ధం చెప్పాము. పడుకున్నాక ఆ అబద్ధమే పదేపదే గుర్తుకు వచ్చింది. ఒక సంతకాన్ని కాపాడుకోవడానికి మొదటి రోజుననే ఒక అబద్ధం ఖర్చయింది. ముందు ముందు ఎన్ని కావలసివస్తాయో లెక్కకు అందలేదు. పైగా ఇకమీదట ఆ కాంట్రాక్టరు తెచ్చే ఏ బిల్లునైనా మేము ఏ ముఖంతో తగ్గించగలము?

ఆదివారం ఉదయమే పై అధికారి క్వార్టరుకు వెళ్ళి జరిగినదంతా చెప్పాము. ఆయన గుంటూరు వైపు మనిషి, మితభాషి. అంతా విని, కాఫీ గ్లాసు కింద పెట్టి, “గొయ్యి చూశావా, గోతిలో పెట్టిన కర్ర చూశావా?” అని అడిగారు. కర్ర చూశామన్నాము. “పద” అన్నారు.

ఒక స్తంభం పక్కన త్రవ్విస్తే రాయి తగిలింది. వాసాలతో కప్పుకు ఊతమిచ్చి, పాత స్తంభాలు తీసివేసి, ఉలితో సమ్మెటతో రాయి కొట్టి, పూర్తి పొడవు గల కొత్త స్తంభాలు రెండు పాతాలని నిర్ణయించారు. మెజర్మెంటు బుక్కులో చెరపరాదు, దిద్దరాదు. తప్పు అంకెపై ఒక్క గీత గీసి, పక్కన ఒప్పు వ్రాసి, తేదీతో సంతకం చేయాలి. అట్లే చేశాము. మరునాడు సంజాయిషీ కోరుతూ మాకు మెమో వచ్చింది. ఆ తరువాత మా ప్రమోషను ఒక ఏడాది వెనుకబడింది. ఇందువల్లనే అని ఎవరూ అనలేదు, కాదనీ అనలేదు.

రాయి కొట్టడానికి నలుగురు మనుషులకు తొమ్మిది రోజులు పట్టింది. ఈసారి రెండు గోతులలోకీ మేమే దిగి టేపు పెట్టాము. పై అధికారి కొత్త స్తంభాల మీద నేల మట్టం దగ్గర ఉలితో చిన్న గాటు పెట్టించారు. కర్రల ఖర్చు కాంట్రాక్టరే భరించాడు. రాయి త్రవ్వకానికి అదనపు రేటు మంజూరు చేయవలసినదని మేము వ్రాసిన కాగితం అయిదు నెలలు తిరిగింది. ఆ అయిదు నెలలూ అతడు మాతో ముక్తసరిగా మాట్లాడాడు. సొమ్ము చేతికి వచ్చిన రోజున మాత్రం ఇంటికి వచ్చి, బిడ్డ చేతిలో ఒక రబ్బరు బొమ్మ పెట్టబోయాడు. కాంట్రాక్టరు దగ్గర బొమ్మ అయినా తీసుకోకూడదన్నాము. “మీరు మరీ చాదస్తం సార్” అని నవ్వి, బొమ్మను జేబులో వేసుకొని, కాఫీ తాగి వెళ్ళాడు.

ఆ ఏడే దసరాకు ముందు కుటుంబంతో జగదల్‌పూర్ వెళ్ళాము. బస్తరు దసరా డెబ్బై అయిదు రోజుల ఉత్సవం. ఏటేటా సాల కర్రతో రథం నిర్మిస్తారు. ఆ పని మొదలుకాకముందు సిరాసార్ భవనంలో డేరీ గడాయి అనే కర్మ జరుపుతారు. బిరింగ్‌పాల్ గ్రామస్థులు తెచ్చిన సాల కొమ్మలను గోతులలో పాతుతారు. పాతేముందు గోతిలో గుడ్డు, చేప వేస్తారు. జనమంతా మూగి ఆ గోతిలోకి తొంగి తొంగి చూస్తున్నారు. మా శ్రీమతి మా మోచేతిని పొడిచి, “చూశారా, వీళ్ళు గొయ్యి చూడనిదే పూడ్చడం లేదు” అన్నది.

2012లో ఇనుప షెడ్డు కట్టడానికి పాతదానిని విప్పించారు. అప్పటికి మేము హైదరాబాదులో ఉన్నాము. మరొక పనిమీద అటు వెళ్ళడం తటస్థించి, స్తంభాలు పెరికే రోజున అక్కడ ఉన్నాము. అయిదింటికి నేల మట్టం దగ్గర తెల్లచెక్క పూర్తిగా పోయి చేవ మిగిలింది. ఒకటి చేతితో నొక్కితే నలిగింది. మన మేస్త్రీలు తారు పూయడంలో కొంత నిర్లక్ష్యం చూపినట్లు ఆ రోజున తెలిసింది. కాంట్రాక్టరు అప్పటికి లేడు. వేలంలో ఆ కర్రను పాడుకున్నవాడు అతడి కుమారుడే. ఉలిగాటు ఉన్న రెండింటినీ వేరుగా పెట్టమని కూలీలతో చెప్పాడు. ఎందుకని అడిగాము.

“మా నాన్న వీటి గురించి చెప్పేవాడండీ. పశువుల పాక వేస్తున్నాను, దానికి పనికొస్తాయి” అని, “ఎంత లోతు పాతమంటారు సార్?” అని అడిగాడు.

అక్కడి నేల ఏదని అడిగాము. ఎర్రమన్నే అన్నాడు. ముందొక గొయ్యి త్రవ్వించి చూడమన్నాము.